బుద్ధిగా దిగిన నీళ్ళు

నేల మీద మడమతో ఒక్కసారి తట్టానంటే కింద నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చెప్పేసేవాణ్ణి. నెలనెలా ఊరి బోరులోకి టేపు దించి, నీటి లోతు పుస్తకంలో రాసే ఉద్యోగం ఇరవై ఏళ్ళు నాదే మరి.

ఇప్పుడు మా మనవరాలు ఆ అంకెలకు వాన, నేల వాలు, మట్టి రకం కలిపి, వచ్చే వేసవికి నీళ్ళు ఎంత దిగుతాయో కంప్యూటరులో లెక్క కడుతోంది. దాన్నిబట్టే ఊరికి ట్యాంకర్లు పంపుతారు.

"తాతయ్యా, నీ చివరి మూడేళ్ళ అంకెలేంటి ఇలా ఉన్నాయి? వానొచ్చినా రాకపోయినా నెలకు జానెడే దిగాయి. నీళ్ళు ఇంత బుద్ధిగా దిగవు."

"మడమతో తట్టి రాశాను."

"తాతయ్యా."

"ఇంట్లో కూర్చుని రాశానమ్మా. మోకాళ్ళ నొప్పి."

ఆమె కళ్ళు నులుముకుని ఆ మూడేళ్ళూ కొట్టేసింది. తెర మీద నీటిమట్టం గీత పాతాళానికి జారింది.

"ట్యాంకర్లు కావాల్సిందే" అంది నీరసంగా.

నేనేమీ ఆశ్చర్యపోలేదు.

మడమ సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు. నేను నిజంగా కల్పించింది మోకాళ్ళ నొప్పి. దించిన ప్రతిసారీ టేపు ఇంకాస్త పొడవు పట్టేది. చూడలేక వెళ్ళడం మానేశాను.