అమ్మ మోకాళ్ల నొప్పి

"చెల్లిని కూడా పంపించు నాన్నా. ఇక్కడ బాగానే ఉంది," అంది ఫోన్‌లో పెద్దది.

నిరుడు దాన్ని కుట్టుపనికని తీసుకెళ్లిన ఏజెంటమ్మే ఇవాళ చిన్నదాని కోసం వచ్చింది. స్పీకర్ పెట్టి ఫోన్ మా మధ్య పట్టుకుంది.

"అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అంది పెద్దది.

మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. కన్నతల్లి చావు కూడా మరిచిందా అని నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతుంటే చిన్నది గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకుంది.

"తగ్గిందక్కా. లోపల గిన్నెలు తోముతోంది."

"హమ్మయ్య," అంది పెద్దది. ఫోన్ కట్టయింది.

"అమ్మగారు ఇంట్లోనే ఉన్నారా? నిరుడు కూడా కనపడలేదు. పిలవండి, ఆవిడకీ ఓ మాట చెబుతాను," అంది ఏజెంటమ్మ నవ్వుతూ.

"పిలుస్తాం," అని చిన్నది నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"మీ అక్కకి మతి పోయిందా?"

"మెల్లగా నాన్నా. బళ్లో టీచర్ నేర్పింది. నిజం చెప్పనివ్వని చోట చిక్కుకుంటే, అబద్ధమని ఇంట్లోవాళ్లకే తెలిసే మాట ఒకటి అనమంది. అమ్మ బతికున్నట్టు మాట్లాడాలని అక్కా నేనూ అనుకున్నాం. నువ్వు నవ్వుతావని నీకు చెప్పలేదు."

చిన్నదాన్ని పెరటి తలుపులోంచి పోలీస్ స్టేషన్‌కి పంపాను. వీధి తలుపుకి లోపల్నుంచి తాళం వేసి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఆవిడ రాలేదేం?" అంది ఏజెంటమ్మ.

"వస్తుంది. అప్పటిదాకా నువ్వు కదలకు."