ఎడ్నా తెచ్చిన బుట్ట

మా అమ్మాయి టిల్కా విషజ్వరంతో పోయి నెల దాటినా నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పొయ్యి దగ్గరనుంచి కిటికీకి, కిటికీ దగ్గరనుంచి పొయ్యికి తిరుగుతూనే ఉంటాను.

థాంక్స్‌గివింగ్ పండుగ ముందురోజు ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఎడ్నా. గని సూపరింటెండెంటు గారమ్మాయి. హైస్కూల్లో మా టిల్కా ఉన్న సేవాక్లబ్బుకి పెద్ద. ఒక బుట్ట గుమ్మంలో దించి రొప్పుతోంది. బంగాళాదుంపలు, ఆపిల్ పళ్ళు, ఒక కోడి. ఏటా ఆ క్లబ్బు పిల్లలు పేదవాళ్ళకి పంచే బుట్ట.

నాకు ఒళ్ళు మండింది. గనిలో తవ్వేవాడి కూతురని జాలిపడి టిల్కాని చేర్చుకున్నారేమోనని మొదటినుంచీ నా అనుమానం.

"నా పిల్ల మా క్లబ్బు, మా క్లబ్బు అని పొంగిపోయేది. చివరికి మీ కంటికి మేం ముష్టివాళ్ళమా? మీ బంగళాలో మిగిలింది ఇక్కడ పడేసి పోదామనా?"

"అయ్యో, ఇది మీకు కాదండీ. వాగు పక్కన ఒంటరిగా ఉండే ముసలాయనకి. ఒక్కో బుట్ట ఇద్దరం మొయ్యాలి. నా జత టిల్కా. ఇంకొకర్ని ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఇక్కడిదాకా ఎలాగో ఈడ్చుకొచ్చా, చెయ్యి పడిపోతోంది. రెండో పిడి మీరు పట్టుకుంటారా?"

శాలువా కప్పుకుని పట్టుకున్నాను. మంచు దారిలో నా కాళ్ళు ఆగలేదు.

"మెల్లగా అండీ, మెల్లగా. పోయినేడు టిల్కా కూడా ఇంతే, ఈ వాలులో నన్ను పరిగెత్తించింది."