వెనక క్యారియర్ బరువు

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి, చెయ్యి కూడా నిదానం.

ఊళ్ళో మోటారు బళ్ళు పోయి, సరుకంతా వాటంతటవే నడిచే సైకిళ్ళ మీద తిరుగుతున్న కాలం. ముందూ వెనకా క్యారియర్లు నిండితే చాలు, సైకిలే దారి చూసుకుంటుంది.

మొగుడు సత్తిరాజు పోయాక మొదటిసారి సింహాద్రమ్మ ఎప్పటిలాగే ఇడ్లీపిండి డబ్బాలు ముందు క్యారియర్‌కి కట్టి, ఈసారి ఆయన సీటెక్కింది. సైకిలు కదల్లేదు.

"వెనక బరువు ఇంకా రాలేదు," అంది సైకిలు.

ఆమె దిగి బియ్యం బస్తా తెచ్చి వెనక కట్టింది.

"ఇది రోజూ వచ్చే బరువు కాదు."

"మరేం కావాలే నీకు, నా తలకాయా?"

ఎండెక్కుతోంది. పిండి పులిసిపోతే హోటలు శేషగిరి రేపటి నుంచి వేరేచోట కొనుక్కుంటాడు. ఆమెకున్న బేరం అదొక్కటే. సీటు వంక తికమకగా చూస్తుంటే, ఇన్నేళ్ళూ తను కూర్చున్నది ఎక్కడో గుర్తొచ్చింది. బస్తా దించి, వెనక క్యారియర్ మీద పక్కకి తిరిగి కూర్చుంది.

సైకిలు బయల్దేరింది. ఖాళీ సీటు కింద పెడళ్ళు తిరుగుతున్నాయి.

శేషగిరి డబ్బాలు దించుకుంటూ, "సీటొదిలేసి ఎనకాల కూచున్నావేంటి పిన్నీ? మరి ఆ సీటెవరికి?" అన్నాడు.

"నాకూ తెలీలేదురా. పడిపోకుండా సీటు పట్టుకున్నానంతే."

ఆమె చెయ్యి దాన్నింకా వదల్లేదు.

— కొప్పిశెట్టి వీరభద్రమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ప్రస్తుతం ఉండేది తణుకులో.