సగం విస్తరాకు

కొండ చూద్దామని బయల్దేరిన గాడిద వీపు మీద దుప్పటి, బియ్యం, గిన్నె, పచ్చడి నూరడానికి ఓ చిన్న రోలు ఉన్నాయి. తోడొచ్చిన నక్క మూటలో గుప్పెడు అటుకులే ఉన్నాయి. బరువని విస్తరాకును కూడా సగానికి చింపి తెచ్చిన మహాజ్ఞాని అది.

"ప్రయాణమంటే తేలిగ్గా ఉండాలి బావా," అని దారి పొడుగునా గాడిదకు పాఠం చెప్పింది.

సాయంత్రం గాడిద అన్నం వండి పచ్చడి నూరగానే జ్ఞానిగారి సగం విస్తరి ముందుకొచ్చింది. వడ్డించిన కొద్దీ ఖాళీ అయింది. చలేసేసరికి దుప్పటి కూడా నక్క మీదికే చేరింది. బరువు ఎక్కువైన మాట నిజమేననుకుంది గాడిద, వణుకుతూ.

తెల్లారాక గాడిద మూట సర్దుతుంటే నక్క ఆవలిస్తూ, "ఇప్పటికైనా ఆ రోలు వదిలేస్తున్నావా బావా?" అంది.

"రోలు తిండి తినదుగా బావా. నిన్ను వదిలేస్తున్నాను," అని గాడిద దుప్పటి లాక్కుని కొండెక్కింది.