ఇద్దరికీ ఒకే గేదె

ఏ పిల్లకు కావలసిన కథ ఆ పిల్లకు యంత్రమే రాసిచ్చే రోజులవి. ఆ పాడు పద్ధతి మీద ఒళ్లు మండి, ఆదోని గ్రంథాలయం నడిపే సుగుణమ్మ, గేదె గురించి మనిషి రాసిన కొత్త కథను అచ్చు వేయించి, అక్కడికొచ్చే పిల్లల్లో మెహజబీన్‌కొకటి, లిఖితకొకటి ఇచ్చింది. "చదవండమ్మీ, బాగుంటాది."

మర్నాడు ఇద్దరూ జుట్లు పట్టుకుని వచ్చారు.

"ఈ లిఖిత నా కథ దొంగిలించింది మేడమ్. నా గేదె పేరు కూడా చెప్తాంది," అంది మెహజబీన్.

"ఎవరే దొంగ? ఆ గేదె నాది," అంది లిఖిత.

సుగుణమ్మ నిర్ఘాంతపోయింది. ఒకే కథను ఇద్దరు చదవొచ్చని ఈ బిడ్డలకు తెలియనే తెలియదు. రెండు పుస్తకాలూ పక్కపక్కనే తెరిచి పెట్టింది.

పిల్లలు పేజీలు పోల్చుకున్నారు. జుట్లు వదిలేశారు. మెహజబీన్ అడిగింది: "గేదె చచ్చిపోయిన కాడ నువ్వూ ఏడ్చినావా?"