ఖాళీ గడి

"ఆ కాల్ వద్దు సార్. ఇంకేదైనా వినండి," అంది అమ్మాయి.

"ఎందుకు వద్దు?"

"అందులో చాలా తప్పులు చేశాను."

"తెలుసు. అందుకే అదే వింటాను."

ఆ అంబులెన్సు కాల్ సెంటర్లో అందరూ వెనకాల ఆయన్ని కత్తెర మాస్టారు అంటారు. కొత్తవాళ్లకి పని నేర్పేదీ ఆయనే, చివర్లో వాళ్లు మాట్లాడిన కాల్ రికార్డింగు ఒకటి విని మార్కులు వేసేదీ, కోసేదీ ఆయనే. ఆరు వారాలు సెలవు పెట్టి ఇవాళే వచ్చారు. సెలవు ఎందుకో ఆయన చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

వందకి యాభై వస్తే ఉద్యోగం. రాకపోతే సాయంత్రం మెడలో కార్డు తిరిగిచ్చేసి, మళ్లీ బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడటమే. మాట్లాడిన పద్ధతికి అరవై మార్కులు. 'ఫలితం' అనే ఆఖరి గడికి నలభై. రోగి చివరికి ఏమయ్యాడో ఎవరూ కనుక్కోరు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేసి, అందరికీ కళ్లు మూసుకుని ఇరవై కలిపేస్తారు.

మాస్టారు డొక్క పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. మీట నొక్కారు.

"మామయ్యగారు పడిపోయారండీ! ఊపిరి లేదండీ!" ఎవరో ఇల్లాలు ఏడుస్తోంది.

"అడ్రసు చెప్పండి, త్వరగా!"

మాస్టారు రికార్డింగు ఆపారు. "ముందు మన పేరు చెప్పి పలకరించాలి. పలకరించావా?"

"ఆవిడ ఏడుస్తోంది సార్."

"పలకరించావా?"

"లేదు సార్."

కాగితం మీద పెన్ను కరకరలాడింది. రికార్డింగు మళ్లీ మొదలైంది.

"బండి బయల్దేరింది. ఆయన్ని వెల్లకిలా తిప్పండి. రొమ్ము మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కండి."

"అమ్మో, మామయ్యగారి మీద చెయ్యా! మంచినీళ్ల గ్లాసు ఎడంపక్కన పెడితేనే ఇల్లెగరగొడతారు. లేచాక నన్ను తిట్టి చంపేస్తారండీ!"

"తిట్టాలన్నా ముందు ఆ ముసలాయన బతకాలి కదా తల్లీ! నొక్కు!"

మాస్టారు మళ్లీ ఆపారు. "రోగి వయసు అడిగావా?"

"లేదు సార్."

"మరి ముసలాయనని నీకెవరు చెప్పారు?"

ఆ అడగడంలో మామూలు కంటే కోపం ఎక్కువే ఉంది. అమ్మాయి తల వంచుకుంది. పెన్ను మళ్లీ కరకరలాడింది.

ఒకటి, రెండు, మూడు... రికార్డింగులో రెండు గొంతులూ కలిసి లెక్కపెడుతున్నాయి. ముప్పై దాకా వెళ్లి మళ్లీ ఒకటి.

"ఏదో టక్కుమందండీ!"

"పక్కటెముకేమో. విరిగితే విరిగింది, అతుక్కుంటుంది. ఆపకు! ఏడుపు తర్వాత ఏడువు, ఇప్పుడు నొక్కు!"

ఎవరి కాల్ అయినా మాస్టారు రెండు నిమిషాలు విని ఆపేస్తారు. ఇవాళ పదకొండు నిమిషాలూ విన్నారు, వెనకాల సైరను మోత వినబడేదాకా. కళ్లజోడు తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తీసి తుడిచారు.

"ఫోన్ చేసినావిడ మీద కేకలేశావు. పేషెంటుని చులకన చేశావు. ఎముక విరిగినా ఫర్వాలేదన్నావు. ఎవరు నేర్పారివన్నీ?"

"మీరే సార్."

మాస్టారు తలెత్తారు.

"మొదటి వారం రబ్బరు బొమ్మ మీద రెండొందల సార్లు నొక్కించారు. చేతులు పడిపోతున్నాయి సార్ అంటే, పడిపోనీ, ఆపకు అని అరిచారు. ఇంటికెళ్లి మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ రోజు ఆవిడ ఏడుస్తుంటే పుస్తకంలో ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. మీ కేకలే గుర్తొచ్చాయి. అవే ఆవిడ మీద వేశాను." అమ్మాయి మెడలో కార్డు తడుముకుంది. "ఉద్యోగం పోతే పోనీండి సార్. అలా నేర్పినందుకు మీ మేలు మర్చిపోను. ఆ మామగారు బతికారో లేదో తెలియలేదు, అదొక్కటే దిగులు."

మాస్టారు కాగితం దగ్గరికి లాక్కున్నారు. తల వంచుకుని చాలాసేపు రాశారు. కాగితం బోర్లా పెట్టి, బల్ల ఊతంగా లేచి, ఆమె మొహం చూడకుండానే బయటికి వెళ్లిపోయారు.

ఆమె కాగితం తిప్పింది. పద్ధతికి అరవైకి పద్నాలుగు. ఒక్క మార్కు కూడా కనికరించలేదు. ఆ ఇరవై కలిపినా ముప్పై నాలుగే. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టేసింది.

అప్పుడు కనబడింది ఆఖరి గడి. ఈసారి అది ఖాళీగా లేదు.

'నలభైకి నలభై. రోగి బతికాడు. ఆరు వారాలు సెలవు పెట్టి, ఇవాళే డ్యూటీలో చేరి, ఈ కాగితం నింపాడు. కోడల్ని ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.'