ఉల్లిపొర రంగు

సారంగపాణికి ఇంటిదొంగ ఎవరో తెలియాలి. అదీ బొంబాయి సేటు వచ్చేలోగా తెలియాలి.

కొన్నాళ్ళుగా ఇదే వరస. తను నూలుకు కొత్త రంగు అద్దిన వారం తిరక్కుండానే, అదే వీధిలో పల్లాన ఉన్న గోపాల్ కార్ఖానా ముందు అదే రంగు నూలు దండేల మీద ఆరుతోంది. కొత్తవాడలో జంపఖానాలు నేయించేవాళ్ళకు కొదవ లేదు. కొత్త రంగు ఎవరి దగ్గర కనిపిస్తే బొంబాయి సేటు ఆర్డరు వాళ్ళకు. రెండు చోట్లా ఒకటే కనిపిస్తే ధర తగ్గించినవాడికి. గోపాల్ తగ్గిస్తాడు. ఈసారి కూడా ఆర్డరు పోతే సారంగపాణి మగ్గాలు ఆగిపోయినట్టే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సారంగపాణి అంత పని ఈశ్వరుడికి వదిలేసే రకం కాదు.

మొదటి అనుమానం కట్టయ్య మీదికి పోయింది. నాయన కాలం నుంచి రంగు తొట్ల దగ్గర ఉన్న మనిషి. సారంగపాణిని చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. అయితేనేం? మొన్న స్టేషన్ రోడ్డు హోటల్లో గోపాల్ పక్కన కూచుని చాయ్ తాగాడట.

"ఏం మాట్లాడినవ్ కాకా, గాయినతోని?"

"పానం ఎట్లున్నదని అడిగిండు. మంచిగనే ఉన్ననన్న. గంతే బిడ్డా."

"గంతేనా?"

"చాయ్ పైసలు ఆయనే ఇచ్చిండు."

ఆ ఒక్క మాటతో కట్టయ్య పని ఊడింది. మర్నాడు ఆయన భార్య సోమక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కట్టుకున్నదాన్ని, నాతోనే దినమంత కలిపి నాలుగు మాటలు మాట్లాడడు. గోపాల్ సేటును కూసోబెట్టి రంగులు జెప్పిండా?"

సారంగపాణి తల తిప్పుకున్నాడు. పోనీలే రమ్మను అని మాత్రం అనలేకపోయాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ రోజే మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ రాజేశ్వర్ రావు దిగాడు, రంగునీళ్ళు మురికికాల్వలోకి వదలొద్దంటూ ఇంకో నోటీసుతో.

"కింది వాడకట్టోళ్ళు మొత్తుకుంటాన్రు సారంగపాణీ. నిన్న మోరీలకెల్లి లేచిన పంది ఆకుపచ్చగుండె. పిల్లలు దాని ఎంబడి వడి ఒకటే ఉరుకుడు."

"రంగు మంచిగనే అంటిందా సార్?"

"నవ్వులాట గాదు. పెరట్ల రెండు గుంతలు తవ్విపియ్యి. తొట్ల నీళ్ళు అండ్లకు మలుపు. సున్నం, పటిక ఏస్తే రంగు అడుక్కు దిగుతది. మీదికి తేరిన నీళ్ళే మా మోరీల ఇడువు. వారం వారం మావోడొచ్చి చూసిపోతడు."

గుంతలు, సున్నం, పటిక ఏవీ సారంగపాణి చెవికెక్కలేదు. చివరి మాటే ఎక్కింది. వారం వారం ఒకడు లోపలికొచ్చి చూసిపోతాడా? అసలు ఈ గుంతల ఆలోచన మున్సిపాలిటీదా, గోపాల్‌దా?

"గుంతలకు జాగ లేదు సార్. జర ఆగుండ్రి, చూద్దాం," అని చాయ్ తాగించి సాగనంపాడు.

ఆ సాయంత్రమే కిటికీలకు గోనెపట్టాలు బిగించాడు. నూలు బయట ఆరేయడం మాన్పించి లోపలే దండేలు కట్టించాడు. పనివాళ్ళను మగ్గాల దాకే రానిచ్చి, రంగులు తనే తూచాడు, తనే కలిపాడు, తనే ముంచాడు. చేతికంటిన మరక చూసి భార్య విజయలక్ష్మి "గిదేం రంగు?" అంటే "నీకెందుకు?" అని కసిరాడు. ఆమె అలిగి మాట్లాడటం మానేసింది. అది కూడా ఆయనకు అనుమానంగానే తోచింది.

ఈసారిది ఉల్లిపొర రంగు. ఎరుపనడానికి లేదు, గులాబీ అనడానికీ లేదు. అద్దకం కుదిరినప్పుడు సారంగపాణి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఈ రంగు సంగతి లోకంలో తనకొక్కడికే తెలుసు.

వారం తిరక్కుండానే గోపాల్ కార్ఖానా ముందు ఉల్లిపొర రంగు నూలు ఆరుతోంది.

సారంగపాణి వెనక్కి వచ్చి కిటికీల గోనెపట్టాలన్నీ తడిమి చూసుకున్నాడు. నిద్రలో కలవరిస్తున్నానా అని కూడా అనుకున్నాడు.

ఇంతలో బొంబాయి నుంచి ట్రంకాల్ వచ్చింది. సేటు ఎల్లుండి కాజీపేటలో బండి దిగుతాడు. ఇంకొక్క రంగుకే వ్యవధి ఉంది.

పొద్దున్నే లోపల గడియ పెట్టుకుని నెమలికంఠం రంగు కలిపాడు. నూలు ముంచి తీశాడు. తొట్టి వంచేసి, కార్ఖానాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఈ కబురు మోసుకుని గోపాల్ గడప తొక్కేవాడెవడో ఇవాళ తేలిపోవాలి.

దొంగ ముందు గుమ్మంలోంచి రాడు కదా. అందుకని సందులోంచి చుట్టూ తిరిగి, గోపాల్ పెరటి గోడ వెనక నక్కాడు. వచ్చేది కట్టయ్యేనని మనసు ఇంకా చెబుతోంది. రెక్క పట్టుకుని నలుగురిలో నిలబెట్టాలి. అప్పుడు సోమక్క ఏమంటుందో చూడాలి.

ఎంతసేపు చూసినా పెరటి తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు.

ఉన్నట్టుండి గోడ లోపల గోపాల్ గొంతు వినిపించింది.

"అగో, అచ్చింది! ఇయ్యాల పొద్దుగాల్నే అచ్చింది!"

సారంగపాణి పిడికిళ్ళు బిగించి, మునివేళ్ళ మీద లేచి, గోడ మీదుగా తొంగిచూశాడు.

పెరటి పక్కనుంచి పారే మోరీ ఒడ్డున పీట వేసుకుని కూచున్న గోపాల్, ఎగువ నుంచి నెమలికంఠం రంగులో దిగివస్తున్న సారంగపాణి తొట్టి నీళ్ళలో తెల్ల నూలు ముంచి, ఎండకెత్తి చూసుకుంటున్నాడు.